కడియం నుంచి తెచ్చిన క్రిస్మస్ మొక్క సంక్రాంతికి ఎందుకు మోడైపోతుంది?



డిసెంబర్ వచ్చిందంటే మన కడియం, కడియపులంక నర్సరీల ముందు ఎర్రగా మెరిసిపోతూ ఒక మొక్క కనిపిస్తుంది. పేరు పాయిన్‌సెట్టియా. క్రిస్మస్ మొక్క అంటే ఎవరైనా చూపిస్తారు. కొంటాం, ఫొటో తీసి స్టేటస్ పెడతాం, సంక్రాంతికి అది మోడై కూర్చుంటుంది. అప్పుడు మనం అనేవి రెండే మాటలు. "నర్సరీవాడు పోయే మొక్క అంటగట్టాడు" అని ఒకటి, "ఏదో తెగులొచ్చింది, మందు కొట్టు" అని ఇంకోటి.

పోయిన డిసెంబర్‌లో నేనూ ఇదే చేశా. ఆకులు వాలితే నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో చెంబుడు పోశా. ఇంకా వాలింది. బూజు మందు తెచ్చి కొట్టా. నాలుగో రోజు కుండీకి చుట్టిన మెరుపు కాగితం విప్పితే అడుగున రెండు అంగుళాల నీళ్ళు! ఆఫీసులో లాగ్స్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టే బ్యాచ్ ఒకటి ఉంటుంది కదా, మొక్క దగ్గర నేను చేసింది అదే. అందుకే ఈ ఎపిసోడ్‌లో మందు సంగతి తర్వాత, ముందు కారణం ఎలా కనిపెట్టాలో చూద్దాం.

అసలు ఇది ఎక్కడి మొక్క?

మెక్సికోది. అక్కడ అమెరికా దౌత్యవేత్తగా పనిచేసిన జోయల్ పాయిన్‌సెట్ 1828 ప్రాంతంలో దీన్ని అమెరికాకి పంపించాడు, ఆ పేరే నిలిచిపోయింది. ఎర్రగా ఉన్నవి పువ్వులు కావు, ఆకులే. మధ్యలో పసుపుగా చిన్న చిన్న గుండ్లలా ఉంటాయి చూడండి, అసలు పూలు అవి. సొంత ఊళ్ళో ఇది పొడి కాలంలో, నీళ్ళు నిలవని కొండవాలు నేలల్లో పూస్తుంది. మనమేమో తేమ నిండిన డెల్టాలో, కాగితం చుట్టిన కుండీలో పెట్టి రోజూ చెంబుడు నీళ్ళు పోస్తున్నాం.

వేరుకుళ్ళు: నంబర్ వన్ హంతకుడు

నీళ్ళు నిలిచిన మట్టిలో వేళ్ళకి గాలి ఆడదు. అప్పుడు పిథియం అనే నీటి బూజు పట్టుకుంటుంది. వేరు కుళ్ళితే నీరు పైకి ఎక్కదు. అందుకే మట్టి తడిగా ఉన్నా మొక్క ఎండినట్టు వాలిపోతుంది. మనం దాహం అనుకుని ఇంకా పోస్తాం. అసలు దెబ్బ ఇక్కడే.

టెస్ట్ సింపుల్. మొక్కని మెల్లగా కుండీలోంచి జారదీయండి. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉంటే భయం లేదు. గోధుమ రంగులో ఉండి, పట్టి లాగితే పైతొక్క ఊడి లోపల దారంలా సన్నటి పోగు మిగిలితే అది కుళ్ళే.

కుళ్ళు వేళ్ళలో కాకుండా కాండం మొదట్లో, మట్టి ఆనే చోట గోధుమ మచ్చగా మొదలైతే రైజోక్టోనియా అయి ఉండొచ్చు. ఇది మన రైతులకి పాత శత్రువే. వరిలో పాముపొడ తెగులు తెచ్చేది కూడా ఇదే జాతి శిలీంధ్రం.

సగానికి పైగా కుళ్ళిన మొక్కని ఏ మందూ బతికించదు. మట్టితో సహా తీసేయండి, ఆ మట్టిని ఇంకో కుండీలో వాడకండి. కొత్త మొక్క తెస్తే మొదట కాగితం విప్పండి, కుండీ అడుగున చిల్లులున్నాయో లేదో చూడండి. చేలో బంకమట్టి వద్దు, నీరు జారిపోయే మట్టి కావాలి. అందులో ట్రైకోడెర్మా కలిపితే మంచిది. వేలు పెట్టి చూసి, పై అంగుళం ఆరాకే నీళ్ళు.

తెల్లదోమ: పక్క మొక్కలకీ ప్రమాదం

కొనేముందు ఆకు తిప్పి అడుగున చూడండి. కదిపితే తెల్లగా ఎగిరితే ఆ మొక్క వద్దు. 1986లో ఫ్లోరిడాలో పాయిన్‌సెట్టియాల మీద విరుచుకుపడిన ఒక రకం తెల్లదోమ తర్వాత ప్రపంచమంతా పాకింది. తెల్లదోమే టమాటాలో ఆకుముడతని, బెండలో పల్లాకు తెగులుని మోసుకెళ్తుంది. మేడ మీద అమ్మ పెంచుకునే కూరగాయల పక్కన ఈ మొక్క పెడితే నష్టం ఎవరికో ఆలోచించండి. పది రోజులు విడిగా ఉంచండి. కొద్దిగా ఉంటే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి.

తెగులులా కనిపించేవి, కానీ తెగులు కాదు

రావులపాలెంలో అరటి గెల కొని, కారు డిక్కీలో ఈ మొక్క పక్కనే పడేశారనుకోండి. పండే అరటి నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది. దానికి ఆకులు వంకరపోయి కిందికి వాలతాయి. ఏసీ గాలి నేరుగా తగిలితే ఆకు రాలుతుంది. ఎరువు ఎక్కువైతే ఎర్రాకుల అంచులు మాడతాయి. గిల్లితే పాలు కారడం రోగం కాదు, జిల్లేడులా దీనికీ పాలుంటాయి. చర్మానికి, కంటికి తగలనివ్వకండి.

రెండో ఏడు ఎర్రబడలేదంటే వీధి లైటు కారణం కావచ్చు. రంగు రావాలంటే దీనికి పొడవైన చీకటి రాత్రులు కావాలి. అక్టోబర్ మొదటి నుంచి రెండు నెలల పాటు, రోజూ సాయంత్రం 5 నుంచి పొద్దున్న 7 దాకా అట్టపెట్టె బోర్లించండి. మధ్యలో లైటు పడకూడదు.

చివరగా ఒక వింత

వైరస్ ఉన్న ఫోనే బాగా పనిచేస్తుందంటే నమ్ముతారా? షాపులో దొరికే పాయిన్‌సెట్టియా పొట్టిగా, గుబురుగా కొమ్మలేస్తుంది కదా. దానికి కారణం ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి అని 1997లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు తేల్చారు. అది లేకపోతే మొక్క నిటారుగా, బోడిగా పెరుగుతుంది. మన నువ్వు చేలో పూతని ఆకులుగా మార్చేసే వెర్రి తెగులు కూడా ఒక ఫైటోప్లాస్మా పనే. అక్కడ రైతుకి కన్నీళ్ళు, ఇక్కడ నర్సరీకి అందం!

కాబట్టి మొక్క వాలితే ముందు వేరు చూడండి, ఆకు అడుగు చూడండి, మొక్క పెట్టిన చోటు చూడండి. మందు డబ్బా ఆ తర్వాతే. పిల్లలు తిరిగే ఇంట్లో అనవసరంగా విషం కొట్టడం, బతికే మొక్కని చెత్తలో పడేయడం, రెండూ తప్పుతాయి.

మీ మొక్క ఎలా ఉందో వేళ్ళ ఫొటో తీసి పంపండి. స్టేటస్ ఫొటో కాదండోయ్, వేళ్ళ ఫొటో! ఉంటానండి మరి.