నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో కీమోథెరపీ పొందే పిల్లల నోటిపూత: నివారణలో ఇంటి పాత్ర

వ్యాససంగ్రహం: కీమోథెరపీ పొందే పిల్లలలో నోటిపూత తరచుగా ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాతనే బయటపడుతుంది. కనుక నివారణలో అధికభాగం ఇంటివారి చేతిలో ఉంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు ఆహారాన్ని, వాడుక వైద్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఏది మేలో, ఏది చేటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నోటిపూత, కీమోథెరపీ, మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం, ఎల్లాప్రగడ సుబ్బారావు.

1. ఉపోద్ఘాతం

నోరు పొక్కితే మనవారు "పూత వచ్చింది" అంటారు. వెంటనే తోచే మందు బి-కాంప్లెక్స్ మాత్ర. క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లల విషయంలో పూతకు కారణమే వేరు. కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. నోటి లోపలి పొర ఒకటి రెండు వారాలలో కొత్తదవుతూ ఉంటుంది కనుక క్యాన్సర్ కణాలతోపాటు అదీ గాయపడుతుంది. మందు ఎక్కించిన కొద్ది రోజులకు ఎరుపు, మంట మొదలై, వారం పది రోజులకు పుండ్లు పడతాయి. తెల్లరక్తకణాలు బాగా తగ్గే రోజులూ సుమారుగా అవే. నోటిలోని సూక్ష్మజీవులు ఆ పుండు గుండా రక్తంలోకి చేరితే ప్రాణాపాయం.

ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు, అక్కడి నుండి కర్నూలు మరో 70. నంద్యాల 2022లో జిల్లా కేంద్రమయింది, 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చింది. అయినా పిల్లల క్యాన్సర్ చికిత్సకు కుటుంబాలు సాధారణంగా కర్నూలు, తిరుపతి, హైదరాబాదు వంటి నగరాలకే వెళ్లవలసి వస్తున్నది. మందు అక్కడ ఎక్కించినా, పుండు పడేనాటికి బిడ్డ ఇంట్లో ఉంటుంది.

2. మెథోట్రెక్సేట్, బి-కాంప్లెక్స్

పిల్లల రక్తక్యాన్సర్‌లో ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం చేసే పనిని అడ్డుకోవడమే దాని పని. ఈ కోవకు చెందిన మందులు భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించాడు. నోటిపుండ్లు దాని దుష్ప్రభావమని అప్పుడే గమనించారు. అంటే ఈ చికిత్స ఎంత పాతదో పూత సమస్యా అంత పాతది.

బి-కాంప్లెక్స్ మాత్రలు అనేకంలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మెథోట్రెక్సేట్ వాడే బిడ్డకు పూత వచ్చిందని వాటిని సొంతంగా ఇస్తే, క్యాన్సర్‌పై మందు ప్రభావానికే అడ్డు తగలవచ్చు. అధిక మోతాదు మెథోట్రెక్సేట్ తరువాత వైద్యులిచ్చే ల్యూకోవోరిన్ కూడా ఫోలేట్ జాతిదే కదా అన్న సందేహం సహజం. అది రక్తంలోని మందు పరిమాణాన్ని కొలుస్తూ, నిర్ణీత గంటలకు, లెక్కించిన మోతాదులో ఇచ్చేది. ఆ మోతాదులను ఆలస్యం చేయకపోవడం పూత నివారణలోనూ ముఖ్యం.

వెలిగారం పూయడం మరొక వాడుక వైద్యం. మింగితే అది విషం. చిన్నపిల్లలు ఉమ్మివేయలేరు కనుక పూర్తిగా మానవలసినదే.

3. నోటి శుభ్రత, ఆహారం

చికిత్స మొదలుకాకముందే దంతవైద్యునికి చూపించి పుచ్చుపళ్ల సంగతి తేల్చుకోవాలి. వేపపుల్ల, గరుకైన పళ్లపొడి చిగుళ్లను గీరుతాయి. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండు మూడుసార్లు తోమాలి. చిగుళ్ల నుండి రక్తం కారితే వైద్యుని అడగాలి గాని తోమడం మానరాదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో టీస్పూను ఉప్పు, టీస్పూను వంటసోడా కలిపి తరచుగా పుక్కిలించడం నోటిని తేమగా, శుభ్రంగా ఉంచుతుంది. దానివల్ల పూత రాదని చెప్పడానికి బలమైన ఆధారం లేదు, హాని మాత్రం లేదు. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్‌లు మంట పెంచుతాయి.

జొన్నరొట్టె, ఎర్రకారం, ఉగ్గాని మీది మిరపకాయ బజ్జీ ఈ సీమ రుచులు. ఆ రెండు వారాలు ఇవి బిడ్డ పళ్లెంలో ఉండరాదు. మెత్తగా వండిన సోనామసూరి అన్నం, కారంలేని పప్పుకట్టు, చల్లారిన రాగిజావ, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు నోటిని గాయపరచకుండా బలమిస్తాయి. ఒక్క బిడ్డకు చప్పిడి వడ్డించి తక్కినవారు కారం తినడం కన్న ఇంటిల్లిపాదీ కొన్నాళ్లు కారం తగ్గించుకోవడమే ఆచరణలో సులభమని నా అభిప్రాయం.

4. మంచుముక్కలు, కాంతిచికిత్స

మంచుముక్క చప్పరిస్తే నోటి రక్తనాళాలు కుంచించుకొని, మందు ఆ కణాలకు తక్కువగా చేరుతుంది. మెల్ఫలాన్ వలె శరీరంలో కొద్దిసేపే నిలిచే మందులకు, చెప్పినట్లు వినగల వయసు పిల్లలకు ఇది పనికివస్తుంది. గంటల తరబడి నిలిచే మెథోట్రెక్సేట్‌కు ఈ ఉపాయం చాలదు. ఎర్రని కాంతితో చేసే చికిత్సను 2021 నాటి అంతర్జాతీయ పిల్లల మార్గదర్శకాలు మూలకణ మార్పిడి, తల-మెడ రేడియేషన్ సందర్భాలలో సిఫారసు చేశాయి. అది ఆ యంత్రమున్న ఆసుపత్రులలోనే సాధ్యం.

పుండుతోపాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, బిడ్డ నీళ్లు సైతం మింగలేకపోయినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే చికిత్సచేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి, దారిలో నంద్యాలలోనే యాంటీబయాటిక్ ఆరంభింపజేయవచ్చునా అని అడగాలి. ఏ మందు ఏ తేదీన ఎక్కించారో రాసిన కాగితం ప్రయాణపు సంచిలో ఉంటే అక్కడి వైద్యునికి సమయం కలిసివస్తుంది.