కొండ నీడన విద్యార్థి సదస్సు

సదస్సు అనగానే వేదిక, వక్త, ఉపన్యాసం స్ఫురిస్తాయి. ఆ వేదికను నిలబెట్టిన చేతులు మాత్రం ఎవరికీ స్ఫురించవు. దూరదేశాల నుండి వచ్చినవారు ఎక్కడ నిద్రించాలి, ఏమి భుజించాలి, సరిహద్దులను ఎలా దాటాలి, వ్యయాన్ని ఎవరు భరించాలి అనే ప్రశ్నలకు ముందుగానే ఎవరో ఒకరు సమాధానాలు వెదకి ఉండాలి. భారతంలో ధర్మరాజు రాజసూయాన్ని తలపెట్టినప్పుడు భోజన వ్యవహారం దుశ్శాసనునికి, వ్యయభారం విదురునికి, కానుకల స్వీకారం దుర్యోధనునికి అప్పగించాడు. వచ్చిన విప్రుల పాదాలు కడిగే పనిని శ్రీకృష్ణుడు తానే కోరి తీసుకున్నాడు. యాగమైనా సదస్సైనా ఇటువంటి పనుల మీదనే నడుస్తుంది.

1947 వేసవిలో ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ఇందుకు చక్కని ఉదాహరణ. ఆల్ప్స్ పర్వతాల ఉత్తరపు అంచున ఉన్న నగరమది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్లు మాత్రమే గడిచాయి. ఆస్ట్రియాను నాలుగు విజేత రాజ్యాలు పంచుకొని పాలిస్తున్నాయి. సాల్జ్‌బర్గ్ అమెరికా సైన్యపు అధీనంలో ఉంది. యుద్ధకాలంలో యూరప్ యువతరం కోల్పోయినది తిండి ఒక్కటే కాదు. 1939లో నాజీలు చెక్ విశ్వవిద్యాలయాలను మూసివేశారు. 1943లో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయానికీ అదే గతి పట్టింది. చదువుకోవలసిన వయసులో కొందరు తుపాకి పట్టారు, కొందరు చెరసాలలో మగ్గారు, కొందరు అజ్ఞాతంలో పోరాడారు.

క్లెమెన్స్ హెల్లర్ వియన్నాలో పుట్టి, నాజీల రాకతో దేశం విడిచి అమెరికా చేరిన యువకుడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పరిశోధకుడుగా ఉన్నాడు. యూరప్‌కు ఆహార పొట్లాలు పంపితే చాలదని, అక్కడి విద్యార్థులను ఒకచోట చేర్చి చదువు, చర్చ, స్నేహం కల్పించాలని ఆయన తలంచాడు. అండర్ గ్రాడ్యుయేట్ విద్యార్థి రిచర్డ్ క్యాంప్‌బెల్, యువ ఆంగ్ల అధ్యాపకుడు స్కాట్ ఎలెడ్జ్ ఆయనకు తోడయ్యారు. విశ్వవిద్యాలయ యాజమాన్యం ఈ భారాన్ని తలకెత్తుకోవడానికి ముందుకు రాలేదు. అందుచేత హార్వర్డ్ విద్యార్థి మండలి తన పేరుమీద చందాలు పోగుచేసింది. జెనీవాలోని అంతర్జాతీయ విద్యార్థి సేవాసంస్థ సహకరించింది. పెద్దలు వెనుకాడిన చోట పిల్లలు పూనుకొన్నారని దీనిని తేలికగా మెచ్చుకోవచ్చు. కానీ చందా అడగడానికి వెళ్లినవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “నీ వెనుక ఎవరున్నారు?” తమ సంస్థ అండ లేకుండా ఆ ప్రశ్నను ఎదుర్కోవడం సామాన్యం కాదు.

స్థలం దొరికిన విధం విశేషమైనది. సాల్జ్‌బర్గ్ శివార్లలో ఒక చిన్న సరస్సు ఒడ్డున లియోపోల్డ్‌స్క్రోన్ అనే భవనం ఉంది. 18వ శతాబ్దంలో అక్కడి ఆర్చిబిషప్ దానిని నిర్మింపజేశాడు. దాని ముందున్న నీటిలో ఉంటర్స్‌బెర్గ్ పర్వతం ప్రతిఫలిస్తుంది. 1918లో ఆ భవనాన్ని కొన్న మాక్స్ రైన్‌హార్ట్ సుప్రసిద్ధ నాటక దర్శకుడు. ఆయన యూదుడు కావడంతో 1938లో నాజీలు ఆ ఇంటిని కాజేశారు. 1943లో ఆయన అమెరికాలోనే కన్నుమూశాడు. యుద్ధానంతరం ఆ భవనం తిరిగి ఆయన కుటుంబానికి దక్కింది. ఆయన భార్య, నటి హెలెనె థిమిగ్, హెల్లర్ సంకల్పం విని దానిని విద్యార్థులకు ఇవ్వడానికి అంగీకరించింది. దోచుకోబడిన ఇల్లు దోచుకున్నవారి దేశాల పిల్లలకు కూడా ఆశ్రయమయింది.

ఇల్లు దొరికినంత మాత్రాన సదస్సు కాదు. ఆస్ట్రియాలో ఆనాడు ఆహారం రేషను మీద దొరికేది. ఊరివారే అర్ధాకలితో ఉండగా వందమందికి ఆరు వారాలపాటు భోజనం సమకూర్చాలి. ఒక్కొక్క దేశం నుండి వచ్చే విద్యార్థికి సైనికాధికారుల అనుమతి కావాలి. నాజీల పాలనలో యూరప్ గ్రంథాలయాలకు చేరని అమెరికా పుస్తకాలు కావాలి. ఈ పనులలో ఏది తప్పినా ఎంత గొప్ప పండితుడి ఉపన్యాసమూ దానిని పూరించలేదు.

ఎవరిని పిలవాలి అన్నది అన్నిటికన్నా చిక్కు సమస్య. నిర్వాహకులు విజేతలను మాత్రమే పిలవలేదు. నాజీల ఆక్రమణను అనుభవించిన దేశాల యువతీయువకులూ, ఓడిన పక్షాన సైన్యంలో పనిచేసినవారూ ఒకే కప్పు కింద నివసించారు. అధ్యాపకులు సైతం అక్కడే ఉండి విద్యార్థులతో కలిసి భుజించారు. ఇటువంటి చోట భోజనాల బల్ల తరగతి గదికన్నా కఠినమైనది. తరగతిలో ఇష్టం లేనివాని ముఖం చూడకుండా గడపవచ్చు. బల్ల దగ్గర రొట్టె అందించమని అతనినే అడగవలసి వస్తుంది.

బోధించినవారు సామాన్యులు కారు. సాహిత్య విమర్శకులు ఎఫ్. ఓ. మాథిసన్, ఆల్‌ఫ్రెడ్ కాజిన్, ఆర్థికశాస్త్రవేత్త వాసిలీ లియోంటిఫ్, మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ వారిలో ఉన్నారు. అమెరికా సాహిత్యం, చరిత్ర, సమాజం చర్చనీయాంశాలు. మాథిసన్ తన దేశాన్ని పొగడడానికి రాలేదు. దాని లోపాలను కూడా విద్యార్థుల ముందు దాచలేదు. ఆ వేసవి అనుభవాలకు ఆయన 1948లో ప్రకటించిన గ్రంథంలో చోటు దక్కింది. మీడ్ సదస్సు సాగిన తీరును పరిశీలించి ఒక నివేదిక రాసింది. జనజీవనాన్ని గమనించడమే వృత్తిగా గల విదుషికి అంతకుమించిన క్షేత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య అప్పటికే వైరం ముదురుతోంది. ఆత్మవిమర్శను కూడా వామపక్ష ప్రచారంగా అనుమానించే కాలం వచ్చింది. సైనిక నిఘా విభాగం సదస్సుపై కన్నువేసింది. 1948లో రెండవ సదస్సు జరిగింది కానీ, దానిని ఊహించి నిర్మించిన హెల్లర్‌కు ఆస్ట్రియాలో ప్రవేశించే అనుమతి లభించలేదు. నాజీల రాకతో ఒకసారి విడిచిన మాతృభూమి, ఈసారి తాను పౌరుడిగా స్థిరపడగోరిన దేశపు సైన్యం చేతనే ఆయనకు దూరమయింది. ఎవరినీ పక్షం చూసి తిరస్కరించకూడదని సదస్సు నడిపినవాడే పక్షం పేరిట తిరస్కృతుడయ్యాడు.

హెల్లర్ పారిస్‌లో స్థిరపడ్డాడు. అక్కడ చరిత్రకారుడు ఫెర్నాండ్ బ్రోదెల్‌తో కలిసి మానవశాస్త్రాల అధ్యయనానికి ఒక గొప్ప కేంద్రాన్ని నెలకొల్పడంలో పాలుపంచుకొన్నాడు. వేర్వేరు దేశాల పండితులను ఒకచోటికి రప్పించడమే అక్కడా ఆయన పని. 2002లో మరణించాడు. విద్యార్థుల ప్రయత్నంగా మొదలైన సాల్జ్‌బర్గ్ సదస్సు క్రమంగా శాశ్వత సంస్థగా మారి, 1959లో లియోపోల్డ్‌స్క్రోన్ భవనాన్ని కొనుగోలు చేసింది. నేటికీ అక్కడ అంతర్జాతీయ సదస్సులు జరుగుతున్నాయి. వచ్చినవారు ఆ ఇంటిలోనే బస చేస్తారు.