పసిబిడ్డలకు ఆపద కలిగినప్పుడు : తొలి పది నిమిషాల కర్తవ్యం

అష్టాంగ ఆయుర్వేదంలో కౌమారభృత్యం, అనగా బాలల సంరక్షణ, ఒక ప్రత్యేక అంగము. చరక సంహితలోని శారీరస్థానంలో శిశువు నివసించు ‘కుమారాగారము’ ఎట్లుండవలెనో వివరింపబడినది. గాలి, వెలుతురు ఉండవలెను. కుక్కలు, ఎలుకలు, కోరలు గల జంతువులు చేరరాదు. ఆటవస్తువులు మొనదేలి ఉండరాదు, బరువైనవి కారాదు, నోటిలో పట్టునంత చిన్నవి అసలే కారాదు. ఈ చివరి మాట చదివినప్పుడు ఆశ్చర్యము కలుగక మానదు. గొంతులో వస్తువు అడ్డుపడుట పసిబిడ్డలకు ప్రాణాపాయమని మన పూర్వులు గ్రహించి యుండిరి.

నేటి కుమారాగారము అంగన్‌వాడీ కేంద్రము. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం నేడు ప్రతి పల్లెకూ చేరినది. పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వంటి నల్లరేగడి ప్రాంతాలలో ప్రత్తి తీతలకు, మిరప కోతలకు తల్లులు తెల్లవారక ముందే చేలకు వెళ్ళుదురు. బిడ్డ అంగన్‌వాడీ టీచరు వద్దనో, ఆయా వద్దనో, నాయనమ్మ వద్దనో ఉండును. లేదా చేని గట్టున చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రించును. ఆపద వచ్చిన క్షణమున వైద్యుడు దగ్గర ఉండడు. బిడ్డను చూచుకొను వారి చేతులే తొలి వైద్యము.

గొంతులో అడ్డుపడినప్పుడు

వేరుశనగ గింజ, చింతపిక్క, శనగలు, నాణెము, గుండీ – ఇవి తరచు కారణములు. బిడ్డ గట్టిగా దగ్గుచున్నచో దగ్గనీయవలెను. శబ్దము రాక, ఊపిరి అందక, పెదవులు నీలివర్ణమునకు మారుచున్నచో క్షణము ఆలస్యము చేయరాదు.

ఏడాది లోపు శిశువును ముంజేతిపై బోర్లా పరుండబెట్టి, దవడను పట్టుకొని, తల క్రిందికి ఉండునట్లు చూడవలెను. అరచేతి మడమతో రెండు భుజపు ఎముకల నడుమ 5 మారులు చరచవలెను. వస్తువు రానిచో వెల్లకిల త్రిప్పి, చనుమొనల గీతకు కొంచెము దిగువగా రొమ్ము ఎముకపై రెండు వేళ్ళతో 5 మారులు నొక్కవలెను. ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి వీపుపై 5 మారులు చరచి, పిదప వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువన పిడికిలి ఉంచి లోనికి, పైకి 5 మారులు నొక్కవలెను. అడ్డు తొలగువరకు వీటిని మార్చి మార్చి చేయుచు, మరియొకరిచే 108కి ఫోను చేయించవలెను. కనబడని వస్తువుకై నోటిలో వేలుపెట్టి కెలుకరాదు. అది మరింత లోనికి పోవును.

పురుగుమందు : కనిపించని శత్రువు

2013 జూలై 16న బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసి 23 మంది బాలలు ప్రాణములు కోల్పోయిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలినది. ఈ మందు పేరు ప్రత్తి రైతుకు క్రొత్త కాదు. కనుక మందు డబ్బాను కడిగి నూనెకో, నీళ్ళకో వాడు అలవాటు మన ఇండ్లలో ఉన్నచో నేడే మానవలెను.

ఈ జాతి మందు తగిలిన బిడ్డకు నోట చొంగ కారుట, విపరీతముగా చెమట పట్టుట, వాంతులు, కనుపాప సూదిమొనవలె కుదించుకొనుట, ఆయాసము కలుగును. చింతపండు రసమో, ఉప్పునీరో పట్టి వాంతి చేయించుట కూడదు. ఆ ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కిరోసిన్ త్రాగిన బిడ్డకూ ఇదే నియమము. తడిసిన బట్టలు తీసివేసి, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుగుకొని, బిడ్డ ఒంటిని సబ్బుతో బాగుగా కడుగవలెను. మందు డబ్బాను వెంట తీసికొని ఆసుపత్రికి పరుగెత్తవలెను. పేరు తెలిసినచో విరుగుడు వైద్యము త్వరగా మొదలగును.

కంట్లో కారము, ఒంటిపై వేడి

మిరపకాయలు తొడిమలు తీయు ఇంట బిడ్డ కంట్లో కారము పడుట సాధారణము. కంటిని నలుపనీయరాదు. బిడ్డ చేతులు సబ్బుతో కడిగి, కంటిని శుభ్రమైన నీటి ధారతో 15 నిమిషాలు కడుగవలెను. చనుబాలు, ఆముదము, నేయి కంట్లో వేయరాదు. చర్మముపై మంటకు మాత్రము కొబ్బరినూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగిన ఉపశమించును. కారము నూనెలో కరుగును, నీటిలో కరుగదు.

వేడి పప్పు, సాంబారు, గంజి మీద పడినచో వెంటనే పారు చల్లని నీటి క్రింద 20 నిమిషాలు ఉంచవలెను. మంచుగడ్డ వద్దు. వాపు రాకముందే గాజులు, కడియాలు, మొలత్రాడు తీయవలెను. అంటుకొన్న బట్టను లాగరాదు. సిరా, టూత్‌పేస్టు, నేయి, పిండి పూయుట వలన వేడి లోననే నిలుచును, వైద్యుడు గాయమును చూచుటకు వీలుండదు. శుభ్రమైన గుడ్డ కప్పి వైద్యునికి చూపవలెను.

పాము కాటు, మూర్ఛ, విరేచనములు

పాము కరచినచో గట్టిగా కట్టు కట్టుట, కోయుట, నోటితో పీల్చుట, పసరు మందులకై తిరుగుట – నాలుగును హానికరములే. కాటుపడిన అవయవమును కదలకుండ బద్ద కట్టి, బిడ్డను నడిపింపక, విరుగుడు సూదిమందు గల ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను.

జ్వరములో మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. చేతిలో తాళపుచెవులు, ముక్కు వద్ద ఉల్లిపాయ ఉంచుట వలన ప్రయోజనము లేదు. నోటిలో చెంచా పెట్టుట అపాయము. 5 నిమిషాలు మించినచో 108కి ఫోను చేయవలెను.

విరేచనములకు ఓ.ఆర్.ఎస్. పొట్లమే ఉత్తమము. 1971లో వనగ్రామ శరణార్థుల శిబిరములో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటితో కలరా రోగులను ఎందరినో కాపాడెను. పొట్లము లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టవలెను. చెంచా అనగా టీచెంచాయే. చనుబాలు మానరాదు.

గృహవైద్యమునకు హద్దు

మోకాలు గీచుకొన్నచో సబ్బునీటితో కడిగి పొడిగా ఉంచవలెను. చిన్న గాయమునకు అంతియే చాలును. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. అందులోని సూక్ష్మజీవుల వలన నరములు పడిపోవు వ్యాధి రావచ్చును. కర్పూరము బిడ్డకు అందనీయరాదు. కొద్దిగా మ్రింగినను మూర్ఛలు వచ్చును. మన ఔషధములపై గౌరవమున్నవారే వాటి హద్దును ముందుగా గుర్తించవలెను.

అంగన్‌వాడీలోను, ఇంటిలోను సిద్ధముగా ఉంచవలసినవి : శుభ్రమైన గుడ్డలు, దూది, కత్తెర, సబ్బు, ధర్మామీటరు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, ప్రతి బిడ్డ తల్లిదండ్రుల ఫోను నెంబర్లు గోడకు అంటించిన కాగితము. పై పద్ధతులను ఆయాలు, నాయనమ్మలు, అమ్మమ్మలు కలసి ఒక బొమ్మపై చేసి చూచుకొనవలెను. ఆపద నాడు కంగారులో చదివినది మరచినను, అభ్యాసము చేసిన చేయి మరువదు.