కొత్త హెడ్డు వేయించారా? వేడి మీటరు సంగతి చూసుకోండి

పసుపు తవ్వకాలు మొదలైతే ఆర్మూర్ చుట్టుపక్కల ట్రాక్టరుకు తీరిక ఉండదు. ఉడకబెట్టి ఆరబెట్టిన కొమ్ములను డ్రమ్ములో పోసి పాలిష్ పట్టాలంటే ట్రాక్టరును ఒకేచోట నిలబెట్టి గంటల తరబడి ఇంజను నడపాలి. రోడ్డు మీద పోయేటప్పుడు తగిలే ఎదురుగాలి అక్కడ ఉండదు. పైగా డ్రమ్ములోంచి లేచే పొట్టు, దుమ్ము రేడియేటరు జాలీకి పట్టుకుంటుంది. ఇంజను వేడెక్కడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

వేడికి హెడ్డు పగిలితే కంపెనీ హెడ్డు కొనడం చిన్న రైతుకు భారమే. అందుకే చాలామంది బయటి తయారీ హెడ్డు తెచ్చి వేయిస్తారు. అందులో తప్పేమీ లేదు. పోత మంచిదై, ముఖం సమంగా ఉంటే అదీ ఏళ్లపాటు పనిచేస్తుంది. చిక్కంతా ఒక చిన్న రంధ్రం దగ్గరే. మీటరుకు వేడి కబురు పంపే సెండరు (మెకానిక్‌లు సెన్సార్ అంటారు) బిగించే రంధ్రం అది. కొన్ని హెడ్లకు దాని మర వేరుగా ఉంటుంది. కొన్నింటికి రంధ్రమే వేయకుండా వదిలేస్తారు. అప్పుడు ఏదో ఒకటి అతికించి పని కానిస్తే మీటరు అబద్ధం చెబుతుంది. "ముల్లు సల్లగనే చూపిస్తున్నది గద" అని రైతు ఇంజను నడుపుతూనే ఉంటాడు. కొత్త హెడ్డు కూడా పాతదాని దారినే పోతుంది.

మరలు ఇన్ని రకాలు ఎందుకంటే మన ట్రాక్టర్లు తలో దేశం నుంచి వచ్చాయి. 1960లో మద్రాసులో మొదలైన టాఫేకు మాసీ ఫెర్గూసన్‌తో పొత్తు ఉండేది. 1963లో మహీంద్రా అమెరికా వారి ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసింది. హెచ్‌ఎంటీ ట్రాక్టరు చెకోస్లోవేకియా జెటార్ నమూనా. బ్రిటిష్ పైపు మర కోణం 55 డిగ్రీలు, అమెరికా పైపు మర కోణం 60 డిగ్రీలు. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. కంటికి తేడా తెలియదు, ఒకదాంట్లో ఇంకొకటి కొంత దూరం ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత పానాతో బలవంతం చేస్తే నీరు కారుతుంది, లేదా పోత ఇనుము చిట్లుతుంది.

కాబట్టి హెడ్డు కొనడానికి పోయేటప్పుడు పాత సెండరును జేబులో వేసుకుని పోండి. దుకాణంలోనే కొత్త హెడ్డులో చేత్తో తిప్పి చూడండి. రెండు మూడు చుట్లు సాఫీగా ఎక్కాలి. అర చుట్టుకే పట్టేస్తే అది దాని మర కాదు. అప్పుడు ఇత్తడి అడాప్టర్ బుష్ వాడవచ్చు గానీ పొట్టిది తీసుకోవాలి. బుష్ పొడవైతే సెండరు మొన వెనక్కి పోయి, కదలని నీటిలో ఉండిపోతుంది. మొన పారే నీటిలో మునిగి ఉండాలి, లోపలి గోడకు తగలకూడదు. చోటు కూడా థర్మోస్టాట్‌కు ఇంజను వైపునే. రేడియేటరు వైపు పెడితే థర్మోస్టాట్ తెరుచుకునే దాకా అక్కడికి వేడి నీరు రాదు.

రంధ్రం వేయాల్సివస్తే హెడ్డును ఇంజనుకు బిగించకముందే, లేతు పని తెలిసినవారి చేత వేయించండి. బిగించిన హెడ్డుకు డ్రిల్లు పెట్టనివ్వకండి. ఇనుప రజను నీటిదారిలో పడితే పంపుకు, రేడియేటరుకు చేటు.

సెండరు కొనేటప్పుడు మరొకటి గమనించాలి. ఎర్రదీపం వెలిగించే స్విచ్చు, మీటరు నడిపే సెండరు పైకి ఒకేలా ఉంటాయి. స్విచ్చును మీటరుకు కలిపితే ముల్లు కదలదు, లేదంటే ఒక్కసారిగా చివరికి దూకుతుంది. సెండరులో వేడి పెరిగేకొద్దీ కరెంటుకు అడ్డు తగ్గుతుంది. ఆ లెక్క ఒక్కో మీటరుకు ఒక్కోలా ఉంటుంది కనుక మీటరుకు సరిపడే సెండరే వేయాలి. ఒంటి వైరు సెండరుకు ఎర్త్ మర గుండానే అందుతుంది. తెల్లటేపు దండిగా చుట్టినా, మరలో రంగు పేరుకున్నా ఎర్త్ సరిగా అందక ముల్లు తక్కువ చూపుతుంది. టేపు ఒకటి రెండు చుట్లు చాలు. వాషరు మీద బిగిసే రకానికి అసలు అక్కర్లేదు.

కొన్ని పాత ట్రాక్టర్లకు వైరు బదులు మీటరు నుంచి హెడ్డు దాకా సన్నని గొట్టం, దాని చివర బల్బు ఉంటాయి. ఆ గొట్టం తెగితే అతకడం కుదరదు, మీటరు మొత్తం మార్చాల్సిందే. హెడ్డు విప్పకముందే నట్టు వదులు చేసి బల్బును తీసి పక్కన కట్టించండి. నట్టు తిరగాలి గానీ గొట్టం మెలిపడకూడదు.

బిగించే ముందు పరీక్ష మన పొయ్యి మీదే చేసుకోవచ్చు. చిన్న గిన్నెలో నీళ్లు మరిగించి, సెండరు మొనను మాత్రం ముంచండి. దాని వైరు తగిలించి, ఒంటికి ఇంకో వైరుతో ట్రాక్టరు ఇనుము నుంచి ఎర్త్ ఇచ్చి కీ ఆన్ చేయండి. మన దగ్గర నీరు 100 డిగ్రీలకు ఒక డిగ్రీ అటూ ఇటూగా మరుగుతుంది. ముల్లు మెల్లగా ఎక్కి ఎర్రగీత దాపునకు రావాలి. సగంలోనే ఆగితే సెండరో మీటరో మార్చాలి.

నీళ్లు నింపేటప్పుడు సెండరు కొద్దిగా వదులు చేసి, బుడగలు పోయి నీరు కారడం మొదలయ్యాక బిగించండి. గాలి చిక్కితే మొనకు నీరు తగలదు. నీరంతా కారిపోయినప్పుడూ ఇదే జరుగుతుంది. ఇంజను కాలిపోతున్నా మొన గాలిలో ఉంటుంది గనుక ముల్లు పైకి లేవకపోవచ్చు, ఒక్కోసారి కిందికే దిగుతుంది. పాలిష్ మధ్యలో ఉన్నట్టుండి ముల్లు పడిపోతే చల్లబడిందనుకోకండి. వెంటనే ఇంజను ఆపండి. మూత మాత్రం చేయి పెడితే కాలనంత చల్లబడ్డాకే తీయండి.