సురుల్ పొరుగున

బోల్‌పూర్ స్టేషన్లో దిగిన తెలుగువాళ్ళు చాలామంది టోటో (బ్యాటరీ రిక్షా) మాట్లాడుకుని నేరుగా శాంతినికేతన్‌కే వెళ్తారు. ఛాతిమ్ చెట్ల నీడ, రంగుటద్దాల ఉపాసనా మందిరం, శిల్పి రామ్‌కింకర్ చెక్కిన బొమ్మలు, రవీంద్రుడు కాపురమున్న ఉత్తరాయణ్ ఇళ్ళు చూస్తారు. పొద్దు వాలేవేళకి ఖోయాయి ఎర్రమట్టి గండ్ల దగ్గర బావుల్ పాట విని, పువ్వుల అచ్చు వేసిన తోలుసంచి ఒకటి కొనుక్కుని మళ్ళీ రైలెక్కుతారు. అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, సురుల్ ఊరిని ఆనుకుని, విశ్వభారతి విశ్వవిద్యాలయానికి రెండో సగం ఉంది. దాని పేరు శ్రీనికేతన్. అక్కడిదాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. నన్నడిగితే ముందు వెళ్ళాల్సింది అక్కడికే.

నాకు ఆ చోటు మీద మమకారం పెరగడానికి ఒక పాత బాధ కారణం. డిగ్రీ రోజుల్లో ఎన్ఎస్ఎస్ క్యాంపని ఏడు రోజులు ఒక పల్లెలో ఉన్నాం. బడి వరండాలో పడుకుని, వీధులు ఊడ్చి, మొక్కలు నాటి, రాత్రిళ్ళు పరిశుభ్రత మీద నాటికలు వేశాం. చివరి రోజు బస్సెక్కుతుంటే, రోజూ మాకు మజ్జిగ పోసిన అవ్వ అడిగింది: "మళ్ళీ ఎప్పుడొస్తారయ్యా?" "వస్తాం అవ్వా" అన్నాం. వెళ్ళలేదు. నాటిన మొక్కలు ఏమయ్యాయో కూడా కనుక్కోలేదు. చదువుల బడికీ చుట్టుపక్కల ఊరికీ మధ్య ఏం ఉండాలి అన్న మాట వచ్చినప్పుడల్లా ఆ అవ్వే గుర్తొస్తుంది.

శ్రీనికేతన్ కథ అలాంటి పల్లెల మధ్యే మొదలైంది. 1890 తర్వాత తమ కుటుంబ జమీందారీ వ్యవహారాలు చూడటానికి పద్మానదీ తీరాన షిలాయిదహలోనూ, పతిసర్‌లోనూ ఉన్నప్పుడు రవీంద్రుడికి రైతుల అప్పులూ జబ్బులూ కళ్ళారా కనిపించాయి. 1905లో పతిసర్‌లో రైతుల కోసం బ్యాంకు పెట్టాడు. నోబెల్ బహుమతి సొమ్ము కూడా తర్వాత అందులోనే వేశాడు. 1906లో కొడుకు రథీంద్రనాథ్‌ని వ్యవసాయం చదువుకోమని అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపాడు. భాగ్యవంతుల పిల్లలు బారిష్టరు చదువులకి లండన్ వెళ్ళే కాలంలో ఒక జమీందారు కొడుకు సేద్యం నేర్చుకోవడానికి ఓడెక్కాడు.

1912లో రవీంద్రుడు సురుల్ పక్కన ఒక పాత కోఠీ కొన్నాడు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో జాన్ చీప్ అనే అధికారి ఈ ఊళ్ళో మకాం పెట్టి బట్టల వ్యాపారం నడిపించాడు. ఆ కళంతా పోయి, రవీంద్రుడు వచ్చేనాటికి చుట్టూ పాడుబడ్డ ఇళ్ళు, నాచు పట్టిన చెరువులు, ఇంటింటా మలేరియా మిగిలాయి. 1921లో న్యూయార్క్‌లో ఆయన్ని లియోనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ కలిశాడు. కార్నెల్‌లో వ్యవసాయం చదువుతున్న ఇంగ్లీషు యువకుడు. వచ్చి నా పల్లెల్లో పనిచేస్తావా అని రవీంద్రుడు అడిగాడు, అతను సరేనన్నాడు. కావలసిన డబ్బు డొరోతీ స్ట్రెయిట్ అనే అమెరికన్ మహిళ సమకూర్చింది. 1922 ఫిబ్రవరి 6న పట్టుమని పదిమంది విద్యార్థులతో కోఠీలో పని మొదలైంది.

మొదటి పాఠం మరుగుదొడ్డి దగ్గర. పాకీపని మరొకరికి వదలకుండా విద్యార్థులే చెయ్యాలని ఎల్మ్‌హర్స్ట్ పట్టుబట్టాడు. కందకాలు తవ్వడం, మలాన్ని మట్టితో కప్పడం, అది ఎరువయ్యాక ఆ నేలలో కూరగాయలు పెంచడం. పెద్దకులాల ఇళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకి అది ఎంత కష్టమై ఉంటుందో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే కలకత్తాలో రవీంద్రుడి అధ్యక్షతన ఎల్మ్‌హర్స్ట్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు: పట్నం నేల సారాన్ని దోచుకుని తింటోంది, తిరిగి ఏమీ ఇవ్వడం లేదు అన్నది దాని సారాంశం. ఆ ఉపన్యాసానికి ముందు ఆ కందకాలున్నాయి. శ్రీనికేతన్‌లో నన్ను కట్టిపడేసేది ఈ వరుసే.

ఊళ్ళలో తను చూసిన బాధలు మూడని ఎల్మ్‌హర్స్ట్ లెక్కగట్టాడు. పంటల మీద పడే కోతులు ఒకటి, మలేరియా రెండు, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవడం మూడు. కోతులకీ దోమలకీ ఉపాయం ఉంది. మూడోదానికి ఏ డిగ్రీ పనికొస్తుంది? ఆ పని కాలీమోహన్ ఘోష్ ఎత్తుకున్నాడు. అంతకుముందు రవీంద్రుడి జమీందారీ ఊళ్ళలో పనిచేసిన మనిషి ఆయన. గడపగడపకీ తిరిగి ఎవరికి ఎంత పొలం, ఎంత అప్పు, ఏ ఇంట్లో ఎవరికి జ్వరం అని రాసుకున్నాడు. పక్కనున్న బల్లభ్‌పూర్ మీద అలా చేసిన సర్వే, మన దేశంలో తొలినాళ్ళ గ్రామ అధ్యయనాల్లో ఒకటి. బ్రతీ బాలక్ పేరుతో ఊరి పిల్లల దళాలు తయారయ్యాయి. ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడం, తిరునాళ్ళలో జనానికి సాయపడటం, దోమలు పెరిగే గుంటలు పూడ్చడం వాళ్ళ పని. ఊళ్ళు కలిసి ఆరోగ్య సహకార సంఘాలు పెట్టుకున్నాయి. ఇంటింటా కొద్దికొద్దిగా చందా వేసుకుని వైద్యుణ్ణి తెచ్చుకున్నారు. ఇక్కడ ఊరివాళ్ళు చెయ్యి చాచలేదు, తమ వంతు వేశారు. చలంతికా అనే తిరిగే గ్రంథాలయం పుస్తకాల్ని పల్లెలకి మోసుకెళ్ళింది. పేదింటి పిల్లల కోసం 1924లో పెట్టిన శిక్షాసత్ర అనే బడి తర్వాత ఇక్కడికే వచ్చింది. అందులో తోటపని, నేత, వంట కూడా చదువే.

మన నగరాల్లో శాంతినికేతన్ బ్యాగులని అమ్మే తోలుసంచులకీ పుట్టిల్లు ఇదే. శ్రీనికేతన్ శిల్పభవన్‌లో నేర్పిన తోలుపని, బాతిక్ అద్దకం చుట్టుపక్కల ఇళ్ళకి పాకి, ఎన్నో కుటుంబాలకి కూడు పెట్టాయి.

1928లో రవీంద్రుడు ఇక్కడ హలకర్షణ పండగ మొదలుపెట్టాడు. ముస్తాబు చేసిన ఎడ్లు, సంస్కృత మంత్రాలు, పాటలు, నాగలి పట్టిన కవి. నందలాల్ బోస్ ఆ దృశ్యాన్ని శ్రీనికేతన్ గోడ మీద బొమ్మగా వేశాడు. ఏరువాక పున్నమి తెలిసిన మనకి ఇందులో వింత కనపడదు. మన రైతు పొంగలి పెట్టి, కాడికి పసుపు రాసి, తన పండగ తను చేసుకుంటాడు. ఇక్కడ ఆ పండగని ఒక విశ్వవిద్యాలయం తన పంచాంగంలో చేర్చుకుంది. స్నాతకోత్సవానికి ఎంత విలువో దుక్కికీ అంతే. మన క్యాంపస్ ఏదైనా ఏరువాక నాడు పక్క ఊరి రైతుని ముందు వరుసలో కూర్చోబెడితే చూడాలని నాకు కోరిక. విశ్వభారతిలో చదువుకున్న బెజవాడ గోపాలరెడ్డి తర్వాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చారు. మనకి శాంతినికేతన్ పాట అందింది. శ్రీనికేతన్ నాగలి ఇంకా అందాల్సి ఉంది.

విశ్వభారతికీ ఊళ్ళకీ మధ్య ఈ బంధం నిలకడగా సాగిందని చెప్పలేను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. ఫైళ్ళు పెరిగాయి, ఊళ్ళకి దూరమూ పెరిగింది. అయినా ఆ నేల మీద సత్తా ఉన్న పని జరుగుతూనే వచ్చింది. శాంతినికేతన్‌లోనే పుట్టిన అమర్త్య సేన్, సునీల్ సేన్‌గుప్తాతో కలిసి కుచ్లీ, సహజాపూర్ అనే దగ్గరి పల్లెల్లో పిల్లల పోషణని పరిశీలించి 1983లో వ్యాసం ప్రచురించాడు. ఆడపిల్లకి కంచంలో జరిగే అన్యాయం అందులో లెక్కలతో సహా తేలింది.

తర్వాత 2020 ఆగస్టు వచ్చింది. శాంతినికేతన్‌లో పౌషమేళా అనే జాతర జరిగే మైదానం చుట్టూ విశ్వవిద్యాలయం గోడ కట్టబోయింది. జనం తిరగబడ్డారు. ఒక గేటుని యంత్రం పెట్టి పడగొట్టారు. ఆస్తి కాపాడుకోవాలన్నది ఒకరి మాట, తరతరాలుగా నడిచిన మైదానం మాది అన్నది రెండోవారి మాట. విధ్వంసాన్ని నేను సమర్థించను. కానీ నూరేళ్ళ కిందట ఎల్మ్‌హర్స్ట్ లెక్కగట్టిన మూడో బాధ అక్కడే, ఆ ఇటుకల మధ్యే మళ్ళీ కనిపించింది. మూడేళ్ళకి, 2023లో, శాంతినికేతన్‌ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఉన్నత్ భారత్ అభియాన్ కింద మన కాలేజీలూ ఊళ్ళని ఎంచుకుంటున్నాయి. కాగితాల్లో వాటిని దత్తత గ్రామాలంటారు. ఆ మాట నాకు రుచించదు. దత్తత బిడ్డని తీసుకుంటారు. వందల ఏళ్ళుగా తన పొలం తను దున్నుకుంటున్న ఊరు ఎవరికీ బిడ్డ కాదు. దేశాన్నంతా బాగుచేసే బాధ్యత తన మీద వేసుకోలేననీ, ఒకటి రెండు ఊళ్ళతో మొదలుపెడితే చాలుననీ రవీంద్రుడు అనుకున్నాడు. ఆ ఊళ్ళు పొరుగున ఉన్నవి. పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాల్సినవి. ఏడు రోజుల్లో బస్సెక్కి పారిపోవడానికి వీల్లేనివి.

శ్రీనికేతన్ చూడాలంటే ఫిబ్రవరి 6న వెళ్ళండి. ఆ రోజు మాఘ మేళా మొదలవుతుంది. చుట్టుపక్కల రైతులు తమ చేలో కాసినవాటిలో మేలైనవి ఏరి ప్రదర్శనకి తెస్తారు. గుమ్మడికాయలు, సొరకాయలు, క్యాబేజీలు బల్లల మీద వరసగా కూర్చుంటాయి.