బహురూపి రోటావైరస్

పసిబిడ్డ నవ్వు ఇంటికి వెలుగు. ఆ బిడ్డకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఒకటి రెండు రోజులలోనే కళ్లు లోతుకు పోతాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది, ఏడ్చినా కన్నీరు రాదు. శరీరంలోని నీరూ లవణాలూ హరించుకుపోవడమే ఇందుకు కారణం. సకాలంలో చికిత్స అందకపోతే ప్రాణానికే ముప్పు. పసిపిల్లలలో ఇటువంటి తీవ్ర అతిసారాన్ని కలిగించే వాటిలో ప్రధానమైనది రోటావైరస్.

1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్, ఆమె సహచరులు రోగగ్రస్తులైన పిల్లల పేగు పొరను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి ఈ వైరస్‌ను గుర్తించారు. బండిచక్రం వంటి దీని ఆకారాన్ని బట్టి, లాటిన్ భాషలో చక్రమని అర్థమిచ్చే 'రోటా' అనే పదంతో దీనికి పేరు ఏర్పడింది.

పేరు ఒక్కటే అయినా దీని రకాలు అనేకం. ఈ వైరస్ పైపొరలో ముఖ్యమైన ప్రోటీన్లు రెండు ఉంటాయి. ఒకదానిని బట్టి 'జి' సంఖ్యను, రెండవదానిని బట్టి 'పి' సంఖ్యను నిర్ణయిస్తారు. మనిషికి ఇంటిపేరు, పేరు ఉన్నట్లే ప్రతి రకానికీ ఈ రెండూ ఉంటాయి. జి1పి8, జి2పి4, జి9పి8 అటువంటివే.

ఇన్ని రకాలు ఎలా పుడుతున్నాయి? రోటావైరస్ జన్యుపదార్థం ఒకే పోగుగా కాక 11 ముక్కలుగా ఉంటుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో ప్రవేశించినపుడు, రెండు పేకకట్టలు కలిపినట్లుగా, ఆ ముక్కలు కలగలిసి కొత్త రకం ఏర్పడవచ్చు. పశువుల వైరస్ ముక్కలు సైతం మానవ వైరస్‌లో చేరవచ్చు. అందుకే ఒక ఏడాది ఒక ప్రాంతంలో ప్రబలిన రకం మరుసటి ఏడాది వెనుకబడి, వేరొకటి ముందుకు వస్తుంది. పగటివేషగాడు ఊరూరా వేషం మార్చినట్లు ఇదీ రూపం మారుస్తుంది.

అయితే ఈ కలయికయే ఒకసారి మానవాళికి మేలు చేసింది. 1980 దశకంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో కొందరు నవజాత శిశువులకు రోటావైరస్ సోకినా వ్యాధి లక్షణాలు కనిపించలేదు. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ బృందం ఆ వైరస్‌ను వేరుచేసి పరిశీలించింది. అది మానవ వైరస్సే. కాని దానిలో ఒక జన్యుముక్క పశువుల వైరస్‌ది. ఆ రకమే ఆధారంగా హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 'రోటావాక్' టీకాను రూపొందించింది. 2016లో ఆంధ్రప్రదేశ్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలలో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దీనిని మొదట ప్రవేశపెట్టారు.

ఈ టీకా వేరువేరు రకాల నుండి రక్షణ కల్పించినా, ఆ రక్షణ సంపూర్ణం కాదు. పరీక్షలలో, మొదటి ఏడాది తీవ్రమైన రోటావైరస్ అతిసారాన్ని సుమారు 56 శాతం మేరకు నివారించింది. కనుక కొత్త రకాలపై శాస్త్రజ్ఞుల నిఘా నిరంతరం సాగవలసిందే. ఇంట తల్లిపాలు, చేతుల శుభ్రత, విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ద్రావణం తప్పనిసరి. శత్రువు ఎన్ని రూపాలు ధరించినా, బిడ్డ ఒంటిలోని నీటిని కాపాడుకోవడమే మన మొదటి కర్తవ్యం.