మీకు తెలుసా? పాత 120 రీలు కెమెరాల ముచ్చట్లు

తాతగారి పెళ్లి ఆల్బం ఉంటే ఓసారి తీసి చూడండి. నాలుగు మూలలకూ కాగితపు మూలలు తొడిగిన నలుచదరపు నలుపు తెలుపు ఫొటోలు కనబడితే, అవి చాలా వరకు 120 రీలు మీద తీసినవే. ఆ రీలు వేసుకునే కెమెరాలనే మీడియం ఫార్మాట్ అంటారు. నేను వాటిని ఏళ్ల తరబడి పోగు చేస్తున్నాను. చూసినవాళ్లంతా ముందు వాటి వయసు అడుగుతారు. ధర మాత్రం అంతకంటే చిన్న చిన్న ఆనవాళ్ల దగ్గర తేలుతుంది.

రీలు పుట్టింది 1901లో. కొడాక్ తన బ్రౌనీ కెమెరా కోసం తెచ్చిన 120 రీలు ఇవాళ్టికీ తయారవుతోంది. అందుకే 1930ల నాటి కెమెరాలోనూ నిన్న కొన్న రీలు వేసి ఫొటో తీయగలం. దాని తమ్ముడు లాంటి 620 రీలుకు ఆ అదృష్టం లేదు. రెండింట్లోనూ ఫిల్ము వెడల్పు ఒకటే, 620 స్పూలు మాత్రం సన్నం. కొడాక్ ఆ రీళ్ల తయారీ ఎప్పుడో ఆపేసింది కాబట్టి 620 కెమెరాలు చవక. ఓపికున్నవాళ్లు చీకటిగదిలో కూర్చుని 120 ఫిల్మును పాత 620 స్పూలుకు చుట్టుకుంటారు. అలాంటి కెమెరా కొనేటప్పుడు లోపల ఖాళీ స్పూలు ఉందో లేదో తప్పక చూడండి. అది లేకపోతే బేరం దండగ.

నెగటివ్ ఎంత పెద్దది? మామూలు 35 మి.మీ. నెగటివ్ 24×36 మి.మీ. చదరపు మీడియం ఫార్మాట్ నెగటివ్ సుమారు 56×56 మి.మీ. అంటే మూడున్నర రెట్లకు పైనే. గోడకు వేలాడదీసేంత పెద్ద ప్రింటు వేసినా చీర అంచు జరీ విడివిడిగా కనిపించడానికి కారణం ఇదే.

తల వంచి తీసే కెమెరా. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకే, హైడెకె అనే ఇద్దరు పెట్టిన కంపెనీ 1929లో రోలైఫ్లెక్స్‌ను తెచ్చింది. దానికి ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. పైది చూడ్డానికి, కిందిది తీయడానికి. అద్దంలో బొమ్మ నిటారుగానే ఉంటుంది కానీ కుడి ఎడమలు తారుమారవుతాయి. బిడ్డ కుడికి పరిగెడితే కెమెరాలో ఎడమకు పోతుంది. ఆ అలవాటు చేతికి రావడానికి నాకు నెలలు పట్టింది. కెమెరాను బొడ్డు దగ్గర పట్టుకుని తల వంచి చూస్తాం గనుక ఎదుటివాళ్లకు తమను గురిపెట్టినట్టు అనిపించదు. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారవాలా వాడిన కెమెరాల్లో రోలైఫ్లెక్స్ ఒకటి.

మొట్టమొదటి రోలైఫ్లెక్స్ 117 రీలు వాడేది, ఆరు ఫొటోలే వచ్చేవి. 1961లో వచ్చిన వైడ్ యాంగిల్ రోలైఫ్లెక్స్‌ను నాలుగు వేల దాకానే చేశారు. సేకర్తలు ఎగబడేది ఇలాంటి వాటికే. ఒకే మోడల్‌లో జైస్ ప్లానార్ లెన్సు ఉన్నదానికి, ష్నైడర్ జెనోటార్ ఉన్నదానికంటే తరచూ ఎక్కువ ధర పలుకుతుంది. ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా తెలియలేదు. వాడుకోవడానికి కొనేవాళ్లు నిశ్చింతగా జెనోటార్ తీసుకోవచ్చు.

రోలైఫ్లెక్స్‌లాగే రెండు లెన్సులుండే యాషికా మ్యాట్ 124జిలో ‘జి’ అంటే బంగారం. లైట్ మీటర్ లోపలి విద్యుత్ స్పర్శలకు బంగారు పూత ఉందన్న గుర్తు అది. 12, 24 ఫొటోల రీళ్లు రెండూ పడతాయి గనుక 124.

పేరులోనే పుట్టిన సంవత్సరం. స్వీడన్ హాసెల్‌బ్లాడ్ కెమెరా మీద నంబరుకు ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. యజమాని విక్టర్ హాసెల్‌బ్లాడ్ పేరులోని వి, హెచ్ అక్షరాలకు ‘పిక్చర్స్’ మాటను తగిలించి, వరసగా 1 నుంచి 9, చివరి ఎస్‌కు సున్నా అని లెక్క పెట్టుకున్నారు. టి అంటే 6, ఆర్ అంటే 8. కాబట్టి ‘టిఆర్’ కెమెరా 1968లో పుట్టింది. ఫిల్ము పెట్టె పైతొడుగు మీది నంబరు చివరి మూడు అంకెలు లోపలి భాగం మీద కూడా ఉండాలి. కలవకపోతే రెండు కెమెరాల ముక్కలు అతికినట్టే, ధర తగ్గించి అడగవచ్చు.

1948లో వచ్చిన వీళ్ల 1600ఎఫ్ షట్టర్ మహా సున్నితం, ఇట్టే మొరాయించేది. ఇప్పుడది అరలో పెట్టుకునే వస్తువు. 1957 నాటి 500సి నేటికీ పనిచేసే గుర్రం. 1962లో వ్యోమగామి వాలీ షిరా హ్యూస్టన్ దుకాణంలో కొన్న 500సినే అంతరిక్షంలోకి తీసుకెళ్లాడు. తర్వాత చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు బరువు తగ్గించుకోవడానికి కెమెరాలను అక్కడే వదిలి, 70 మి.మీ. ఫిల్ము పెట్టెలు మాత్రం వెనక్కి తెచ్చారు.

బూజు లెన్సును తినేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ల ఉక్కపోతలో తోలు సంచీలో మూసిపెట్టిన కెమెరాకు ఇది తప్పని ముప్పు. ఫంగస్ పోగులను తుడవవచ్చు కానీ అది వదిలిన ఆమ్లం గాజు మీద చేసిన గాటు పోదు. నా మొదటి యాషికా కొన్నప్పుడు పై లెన్సు తళతళలాడటం చూసి డబ్బిచ్చేశాను. ఇంటికొచ్చి కింది లెన్సులోకి టార్చి వేస్తే సాలెగూడే కనిపించింది. బొమ్మ తీసేది ఆ కిందిదే. ఇప్పటికీ ఆ కెమెరాను చూస్తే బాధేస్తుంది. తోలు సంచీలోంచి తీసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచండి.

కొలిమి తిత్తిలా మడతలు పడే కెమెరా అయితే చీకట్లో లోపల టార్చి వెలిగించండి. మడతల మూలల్లో చుక్కల్లా వెలుతురు వస్తే చిల్లులున్నట్టే. షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి నొక్కి చూడండి. పాత కందెన గట్టిపడితే ముందుగా మొరాయించేది ఆ నిదాన వేగాలే.

బరోడాలో తయారైన అగ్ఫా. క్లిక్ త్రీ అనే ఈ చవక కెమెరాను న్యూ ఇండియా ఇండస్ట్రీస్ మన దేశంలోనే చేసింది. 120 రీలుకు 12 ఫొటోలు. మార్కెట్లో దీని ధర స్వల్పం. నా బీరువాలో మాత్రం పై అర దీనిదే.

వెనక ఎర్రటి కిటికీ ఎందుకు? రీలు వెనక కాగితం మీది అంకెలు చూసి తిప్పుకోవడానికి. తొలినాళ్ల ఫిల్ముకు ఎరుపు కాంతి సోకినా తేడా వచ్చేది కాదు, అందుకే ఎర్ర గాజు. అటక మీది కెమెరా దొరికితే, మూత తీసే ముందు ఆ కిటికీలోకి చూడండి. అంకె ఏదైనా కనిపిస్తే లోపల రీలు ఉంది. తెరవకండి. వెలుతురు తగలనివ్వకుండా చివరిదాకా తిప్పి, కడిగేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. దశాబ్దాల తర్వాత కడిగినా బొమ్మలు పైకి తేలిన రీళ్లున్నాయి. అందులో మీ నాన్నమ్మ ఉండొచ్చు.